చావు తప్పదంటే ఒప్పుకుంటాం, ఆట మాట తప్పితేనే బాధ

సంపాదకులకు,

మీ పత్రికలో రోల్ ప్లేయింగ్ గేమ్‌ల, అంటే మనమే ఒక పాత్రగా మారి కథ నడిపే వీడియో ఆటల సమీక్ష ఎప్పుడు వచ్చినా అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటోంది: ‘కథ పూర్తిగా మీ చేతుల్లోనే’. అది ఆట అమ్ముకునేవాళ్లు రాసుకునే మాట. సమీక్షకుడు దాన్ని పరీక్షించి రాస్తే మంచిదే. పరీక్షించకుండా రాస్తే మాత్రం ఆడేవాళ్లకు అన్యాయం జరుగుతుంది. ఈ అన్యాయం అన్నిటికంటే బాగా కనిపించేది పాత్రల చావుల్లో.

ముప్పై నలభై గంటలు ఒక పాత్రను వెంటబెట్టుకుని తిరుగుతాం. ఉన్నవాటిలో మంచి ఆయుధం దానికే ఇస్తాం, లెవెల్ (శక్తి స్థాయి) పెంచుతాం. ఒక్కసారిగా ఆ పాత్ర చచ్చిపోతుంది. అప్పుడు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, ‘ఇంకేం చేసి ఉంటే బతికేది?’ అని. దానికి ‘ఏం చేసినా బతకదు’ అన్నది జవాబైతే నా దృష్టిలో అది తప్పు కాదు. బతికించే దారి ఉన్నట్టు నమ్మించి చివరిదాకా నడిపించి తలుపు మూయడం తప్పు. ఆట తాను పెట్టిన సూత్రాన్ని తానే మరిచిపోవడం అంతకంటే పెద్ద తప్పు. సమీక్షల్లో ఈ తేడా రావడం లేదు కాబట్టే ఈ ఉత్తరం. కొన్ని ఆటల ముగింపులు బయటపెట్టక తప్పడం లేదు, ఇంకా ఆడనివారు మన్నించాలి.

అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి తిరిగి రాడని తెలిసే మనం ఆ కథ వింటాం. అయితే వినేవాడి చేతిలో విల్లు ఉండదు. ఆడేవాడి చేతిలో ఉంటుంది. చిక్కంతా అక్కడే.

ఈ చర్చ రాగానే అందరూ ముందు తలచుకునేది 1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’. మొదటి డిస్క్ చివర మన జట్టులోని ఏరిత్ అనే అమ్మాయిని విలన్ సెఫిరోత్ పొడిచేస్తాడు. ఆపే మార్గం లేదు. బతికించవచ్చన్న పుకార్లు ఏళ్ల తరబడి నడిచాయి గానీ ఆట లోపల అలాంటిదేమీ లేదు. నేను గమనించమనేది చావు తర్వాత వచ్చే ఘట్టాన్ని. వెంటనే జెనోవా అనే బాస్‌తో (పెద్ద శత్రువుతో) పోరాటం మొదలవుతుంది, అయినా పోరాట సంగీతం రాదు. ఏరిత్ పాటే ఆ యుద్ధం పొడుగునా సాగుతుంది. చేతులు బటన్లు నొక్కుతూనే ఉంటాయి, చెవులు మాత్రం ఆ చావు దగ్గరే ఆగిపోతాయి. ఇంకొక సంగతి, ఆమెకు తగిలించిన మెటీరియా (మంత్రశక్తినిచ్చే గోళాలు) అంతా మన సంచిలోకి తిరిగొచ్చేస్తుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. సామాను కూడా పోయి ఉంటే ఆడేవాడు ఏడ్చేది ఏరిత్ కోసం కాదు, పోయిన మెటీరియా కోసం.

అయితే ఆ ఆట జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. పోరాటంలో పడిపోయినవాళ్లను ఫీనిక్స్ డౌన్ అనే వస్తువుతో లేపుతూనే ఉంటాం కదా, ఆ ఒక్కరికి అది ఎందుకు పనిచేయదు? హెచ్‌పీ (ప్రాణశక్తిని చూపే అంకె) సున్నా అయితే చావు కాదని, స్పృహ తప్పడమేనని అభిమానులు సర్దిచెప్పుకుంటారు. ఆ సర్దుబాటు ఆటే చేసి ఉండాల్సింది. ఎలా చేయవచ్చో అదే వరసలో అంతకు ముందే చేసి చూపించారు కూడా. 1992 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 5’లో గాలఫ్ అనే పెద్దాయన విలన్ ఎక్స్‌డెత్‌తో ఒంటరిగా తలపడతాడు. అతని హెచ్‌పీ తగ్గుతూ తగ్గుతూ సున్నాకొస్తుంది. మామూలుగానైతే అక్కడితో పడిపోవాలి. పడడు. అంకె సున్నా దగ్గరే ఉంటుంది, అతను నిలబడి కొడుతూనే ఉంటాడు. మనం ఆదేశాలు ఇస్తూనే ఉంటాం. ఇన్ని గంటలుగా మనం నమ్మిన లెక్క కళ్లముందే చెల్లకుండా పోతుంది. ఇది మామూలు పోరాటం కాదని ఆ సున్నాయే చెప్పేస్తుంది. యుద్ధం ముగిశాక మిగతావాళ్లు మందులు, మంత్రాలు, ఫీనిక్స్ డౌన్‌తో సహా ఒక్కొక్కటే అతని మీద ప్రయోగిస్తారు. ఏదీ పనిచేయదు. మనం అడగబోయే ప్రశ్నను పాత్రలే మనకంటే ముందు అడిగేస్తాయి. తర్వాత అతని మనవరాలు క్రిలే అతను నేర్చినవన్నీ అందుకుని పార్టీలోకి (మన జట్టులోకి) వస్తుంది కాబట్టి మన కష్టం ఎక్కడికీ పోదు. తప్పించలేని చావును ఇంత నిజాయితీగా చూపించిన ఆటలు తక్కువ.

1989లో వచ్చిన ‘ఫాంటసీ స్టార్ 2’ కూడా ఈ పరీక్షకు నిలబడుతుంది. అందులో చచ్చిపోయిన పార్టీ సభ్యులను క్లోన్ ల్యాబ్‌లో తిరిగి తయారు చేయించుకోవచ్చు. నేయి అనే అమ్మాయి విషయంలో మాత్రం ఆ ల్యాబ్ చేతులెత్తేస్తుంది. ఆ మాట మనకు ల్యాబ్‌లోనే తెలుస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ, 2008 నాటి ‘ఫాలౌట్ 3’. చివరి ఘట్టంలో నీటిని శుద్ధి చేసే యంత్రాన్ని నడపాలి. దాని గది నిండా ప్రాణాలు తీసే రేడియేషన్. ఎవరో ఒకరు లోపలికెళ్లి 2, 1, 6 నొక్కాలి. మీరు వెళ్తే మీరు పోతారు, సారా లయన్స్‌ను పంపితే ఆమె పోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మీ పక్కనే ఫాక్స్ అనే సూపర్ మ్యూటెంట్ నిలబడి ఉండవచ్చు. రేడియేషన్ అతన్ని ఏమీ చేయదు. ఇది మన ఊహ కాదు, కొన్ని గంటల ముందే వాల్ట్ 87లో అలాంటి గదిలోకే అతను వెళ్లి మనకు కావలసిన వస్తువు తెచ్చిచ్చాడు. ఈసారి వెళ్లమంటే ఇది నీ విధి, నేను అడ్డురాను అన్న ధోరణిలో తప్పుకుంటాడు. రేడియేషన్ అంటని చారన్ అనే గూల్‌ను (రేడియేషన్ వల్ల రూపం మారిన మనిషిని) వెంట తెచ్చుకున్నా, రోబోను తెచ్చుకున్నా ఫలితం ఇంతే. చావు చెడ్డదని ఎవరూ గొడవ చేయలేదు. ఆట తానే నేర్పిన పాఠాన్ని పరీక్ష రోజున తప్పంటోందని గొడవ చేశారు. 2009 మే నెలలో వచ్చిన ‘బ్రోకెన్ స్టీల్’ డీఎల్‌సీ (ఆటకు విడిగా చేర్చుకునే అదనపు భాగం) దీన్ని సరిదిద్ది, ఫాక్స్‌ను పంపే వీలు కల్పించింది, కథను ఆ తర్వాత కూడా సాగనిచ్చింది. మొదట్లోనే రెండు పనుల్లో ఏది చేసినా సరిపోయేది. ఆ గదికి ముందు సహచరులు మనతో విడిపోయేలా కథ నడపడం ఒకటి, వాళ్లను పంపనిచ్చి దానికి తగ్గ వేరే మూల్యం పెట్టడం ఇంకొకటి.

ఒకరే బతుకుతారని ముందే చెప్పి ఎంచుకోమనే పద్ధతి వేరు. 2007 నాటి ‘మాస్ ఎఫెక్ట్’లో విర్మైర్ గ్రహం మీద మన జట్టులోని కైడన్ ఒకచోట, యాష్లీ ఒకచోట చిక్కుకుంటారు, ఒక్కచోటికే వెళ్లే సమయం ఉంటుంది. ఇద్దరినీ కాపాడే రహస్య మార్గమేదీ లేదు, ఉన్నట్టు ఆట నటించదు కూడా. అదే గ్రహం మీద కాస్త ముందు జట్టులోనే ఉన్న రెక్స్ మన మీదకు తుపాకీ ఎత్తినప్పుడు మాత్రం అతన్ని బతికించే దారులున్నాయి. మాటనేర్పుకు తగినన్ని పాయింట్లు పెట్టి ఉండాలి, లేదా అతని కుటుంబ కవచాన్ని ముందే వెతికిచ్చి ఉండాలి. ఒకే గ్రహం మీద ఒక చావు తప్పదు, ఇంకొకటి తప్పించవచ్చు. రెండిట్లో ఏది ఏదో ఆడేవాడికి స్పష్టంగానే అర్థమవుతుంది.

2010లో వచ్చిన దాని రెండో భాగం గురించి కాస్త వివరంగా రాయాలి. నిర్ణయాల మీద చావుబతుకులు ఆధారపడటం అంటే ఏమిటో అంకెలతో సహా చూపించే ఆట అది. చివరి మిషన్‌లో అందరూ బతకవచ్చు, దాదాపు అందరూ చావవచ్చు. ఇద్దరి కంటే తక్కువ మిగిలితే కథానాయకుడు షెపర్డ్ కూడా చస్తాడు. ముందుగా ఓడకు మూడు మార్పులు చేయించాలి. జట్టు సభ్యుల్లో కవచం సంగతి జేకబ్, షీల్డుల సంగతి టాలీ, ఫిరంగి సంగతి గారస్ చెబుతారు. ఏది మానేసినా దారిలోనే ఒకరు పోతారు. ప్రతి సభ్యుడి సొంత మిషన్ పూర్తిచేసి నమ్మకం సంపాదించాలి. ఓడ సిబ్బందిని శత్రువులు ఎత్తుకుపోయాక వెంటనే బయల్దేరాలి. మధ్యలో ఒకటి నుంచి మూడు మిషన్లు చేస్తే సగం మంది, అంతకు మించితే డాక్టర్ చక్వాస్ తప్ప అందరూ పోతారు.

శత్రువుల స్థావరం లోపలికి వెళ్లాక పనులు పంచడం ఉంటుంది. గొట్టంలోంచి పాకేపనికి టాలీ, లీజియన్, కసూమిలలో ఒకరు. ఆ సమయంలో రెండో జట్టును నడపడానికి గారస్, మిరాండా, జేకబ్‌లలో ఒకరు. నాయకుణ్ణి తప్పుగా ఎంచితే చచ్చేది నాయకుడు కాదు, గొట్టంలో ఉన్నవాళ్లు. పురుగుల గుంపును అడ్డుకునే బయోటిక్ (మనోశక్తితో నిలిపే) కవచానికి జాక్, లేదా సమారా. మిరాండా నేను చేయగలనన్నట్టు ముందుకొస్తుంది. ఆమె మాట నమ్మితే మీ వెంట ఉన్నవాళ్లలో ఒకరిని పురుగులు లాక్కుపోతాయి. ఇదంతా ఆ పాత్రలతో ఓపిగ్గా మాట్లాడినవాళ్లకు తట్టే తర్కమే.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ తర్వాత. చివరి బాస్ దగ్గరికి ఇద్దరిని వెంట తీసుకెళ్లాలి, మిగతావాళ్లు వెనక తలుపు కాపాడాలి. వెనక ఉన్నవాళ్ల బలానికి ఆట తెరవెనక సగటు కడుతుంది. నమ్మకం ఉన్న గారస్, గ్రంట్, జయీద్‌లకు 4 చొప్పున, జాక్, టాలీ, మోర్డిన్, కసూమిలకు 1 చొప్పున, మిగతావాళ్లకు 2 చొప్పున. నమ్మకం లేకపోతే ఒక్కో అంకె తగ్గుతుంది. అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది ఉన్నప్పుడు సగటు కనీసం 2 ఉండాలి. డీఎల్‌సీలు లేని పదిమంది జట్టునే తీసుకుందాం. సిబ్బందిని వెనక్కి తీసుకెళ్లే పని మోర్డిన్‌కు ఇచ్చారు, సరైన పనే. బాస్ అంటే గట్టివాళ్లు కావాలని గారస్‌ను, గ్రంట్‌ను వెంట తీసుకెళ్లారు. వెనక మిగిలింది ఏడుగురు: మిరాండా, జేకబ్, థేన్, సమారా, లీజియన్‌లకు పది, జాక్, టాలీలకు రెండు. మొత్తం 12, సగటు 1.71. ఒకరు పోతారు, ఆ ఒకరు టాలీ. అదే మిరాండాను, జాక్‌ను వెంట తీసుకెళ్లి గారస్‌ను, గ్రంట్‌ను వెనక ఉంచితే మొత్తం 17, సగటు 2.43. ఎవరికీ ఏమీ కాదు.

నా ఫిర్యాదు ఈ లెక్క మీద కాదు. కోటను కాచేందుకు బలవంతుల్ని ఉంచాలన్నది న్యాయమే. టాలీ చనిపోయాక ఎందుకు పోయిందో ఒక్క ముక్క చెప్పకపోవడం మీద. ‘తలుపు దగ్గర బలం చాల్లేదు’ అని ఎవరి నోటనైనా ఒక వాక్యం పలికించి ఉంటే అది మన నిర్ణయానికి ఫలితంగా అర్థమయ్యేది. అది లేక చాలామంది ఆ చావును కథలో రాసిపెట్టి ఉన్నదే అనుకున్నారు. తప్పించగలిగే చావు తప్పించలేనిదిగా కనిపించడం కూడా లోపమే.

కారణం కనిపించకుండా దాచడంలో పాత ఆటలు ఇంకా కఠినం. 1994 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 6’లో తేలియాడే ఖండం కూలిపోతుంటే 6 నిమిషాల గడియారం నడుస్తుంది. ఎగిరే ఓడలోకి దూకాల్సిన అంచుకు చేరాక దూకకుండా ఆగి, గడియారం చివరి 5 సెకన్లకు వచ్చేదాకా కాచుకుంటేనే షాడో అనే సహచరుడు వచ్చి చేరతాడు. ముందే దూకితే అతను ఇక లేడు. ‘ఆగు’ అన్న ఎంపిక తెరమీద కనిపిస్తుంది కాబట్టి దీన్ని ఎలాగో ఒప్పుకోవచ్చు. 1995 నాటి ‘సుయికోడెన్’ను ఒప్పుకోవడం కష్టం. కథానాయకుడి సేవకుడు గ్రెమియో చావు ఎవరూ ఆపలేరు, కానీ 108 మంది వీరుల్లో ఒక్కరూ తప్పిపోకుండా గడువులోగా చేర్చుకుంటే అతను తిరిగొస్తాడు. మధ్యలో శత్రు సేనాని టియోతో ద్వంద్వయుద్ధంలో మన సహచరుడు పాన్ ఓడితే పాన్ పోతాడు, దాంతో గ్రెమియో దారీ మూసుకుపోతుంది. పాన్‌ను అప్పటికే లెవెల్ పెంచి, మంచి కవచం తొడిగి ఉంచాలని మొదటిసారి ఆడేవాడికి తెలిసే వీలు లేదు. గైడ్ చూస్తే తప్ప అందని ఎంపికను నేను ఎంపికగా లెక్కపెట్టను.

చావు తప్పనప్పుడు కూడా ఆడేవాడికి చేయడానికి ఏదో ఒకటి మిగల్చవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇదే. 1995 నాటి ‘క్రోనో ట్రిగ్గర్’లో ఏకంగా కథానాయకుడు క్రోనోయే చచ్చిపోతాడు, అది ఆపలేం. తర్వాత కాలపు గుడ్డును, అతని పోలికతో ఉన్న బొమ్మను సంపాదించి డెత్ పీక్ ఎక్కితే వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోకుండా ఆట ముగించడానికీ వీలుంది. చావు రచయితది, దుఃఖాన్ని ఏం చేసుకోవాలో మనది. 2020 నాటి ‘సైబర్‌పంక్ 2077’లో మన మిత్రుడు జాకీ మరణం కూడా అలాంటిదే. కారులో అతని దేహాన్ని ఎక్కడికి పంపాలని అడుగుతారు. కుటుంబం దగ్గరికి పంపితే తర్వాత అతని స్మారక సభకు వెళ్లవచ్చు, వేరేలా చేస్తే దేహం అరసాకా అనే పెద్ద కంపెనీ చేతికి చిక్కుతుంది. ప్రాణం దక్కకపోయినా నిర్ణయానికి బరువుంది.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. 2009 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో దయ్యం పట్టిన కానర్ అనే పిల్లవాణ్ణి చంపాలా, అతని తల్లిని బలివ్వాలా అన్న ఘోరమైన సందిగ్ధం పెడతారు. మూడో దారి, దూరంగా ఉన్న మాంత్రికుల సాయం తెచ్చుకోవడం. ఆ ప్రయాణానికి రోజులు పడతాయి, పిల్లవాడి ఒంట్లో దయ్యం అలాగే ఉంది. తిరిగొచ్చేసరికి ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ క్షేమం. ఖర్చు లేని మూడో దారి పెట్టగానే మొదటి రెండూ పనికిరాకుండా పోయాయి.

తయారుచేసేవాళ్ల కష్టం నాకు తెలియంది కాదు. పన్నెండుమంది సభ్యుల్లో ప్రతివాళ్లూ బతకడం, చావడం రెండూ సాధ్యమైతే 4,096 రకాల జట్లు ఏర్పడతాయి. అన్నిటికీ సంభాషణలు రాయించి గొంతులు రికార్డు చేయలేరు. అందుకే ‘మాస్ ఎఫెక్ట్ 3’లో రెక్స్ లేకపోతే అతని స్థానంలో రీవ్, మోర్డిన్ లేకపోతే పడాక్ విక్స్ వచ్చి దాదాపు అదే పని చేస్తారు. ముఖ్యపాత్రలను కాపాడటానికీ రకరకాల ఉపాయాలున్నాయి. 2002 నాటి ‘మారోవిండ్’ ఎవరినైనా చంపనిస్తుంది, ముఖ్యుడు పోతే కథ దారం తెగిందని, పాత సేవ్‌కు (ముందు దాచుకున్న చోటికి) వెళ్లమని, కాదంటే అలాగే కొనసాగమని చెబుతుంది. 2006 నాటి ‘ఆబ్లివియన్’లో అలాంటివాళ్లు చావరు, స్పృహ తప్పి మళ్లీ లేస్తారు. 2010 నాటి ‘న్యూ వేగస్’ది అన్నిటికంటే తెలివైన ఉపాయం. యెస్ మ్యాన్ అనే రోబోను ఎన్నిసార్లు పగలగొట్టినా ఇంకో యంత్రంలోకి చేరి తిరిగొస్తాడు. మిగతా అందరినీ చంపుకున్నవాడికీ కథ పూర్తిచేసే దారి మిగులుతుంది. అది అతని స్వభావంలోనే ఉంది కాబట్టి మోసంలా అనిపించదు.

ఇక మీ సమీక్షకులకు నా విన్నపం. ఆటోసేవ్ (ఆట దానంతటదే దాచుకునే సేవ్) మీద ఆధారపడవద్దు, అది పాతదాన్ని చెరిపేస్తుంది. పెద్ద నిర్ణయం ముందు వేరే స్లాట్‌లో చేత్తో సేవ్ చేసుకోవాలి. ఒక దారిలో ఇంకో గంట ఆడి, వెనక్కి వచ్చి రెండో దారిలోనూ గంట ఆడాలి. అవే మాటలు ఇంకొకరి నోట వస్తున్నాయా, పోయినవాళ్ల పేరు తర్వాత ఎవరైనా ఎత్తుతున్నారా, వాళ్ల సామాను మనకు చేరిందా అన్నవి చూడాలి. పడిపోయినవాళ్లను పోరాటంలో మామూలుగా లేపే మందు ఆ ఘట్టంలో ఎందుకు పనిచేయలేదో ఆట చెప్పిందో లేదో కూడా. సేవ్, లోడ్‌లను ఆట గుర్తుపెట్టుకుంటుందేమో చూడాలి. 2015 నాటి ‘అండర్‌టేల్’లో టోరియెల్ అనే పాత్రను చంపి, పాత సేవ్‌కు వెళ్లి కాపాడితే, నువ్వు చేసింది నాకు తెలుసని ఫ్లవీ అనే మాట్లాడే పువ్వు ముఖం మీదే అంటాడు.

స్పాయిలర్ భయం (కథ ముందే తెలిసిపోతుందన్న భయం) వల్లే ఇవేవీ రాయడం లేదంటే, పేర్లు రాయనక్కర్లేదు. సమీక్ష కింద చిన్న పెట్టెలో మూడు విషయాలు చాలు: పార్టీలో ఉన్నవాళ్ల చావు ఆడేవారి నిర్ణయం మీద ఆధారపడుతుందా, కారణం ఆటలోనే తెలుస్తుందా, పోయినవారికి తొడిగిన సామాను తిరిగొస్తుందా. మూడోదానికి జవాబు ‘రాదు’ అయితే ఎన్నో అధ్యాయానికి ముందు సామాను తీసి ఉంచుకోవాలో ఆ అంకె కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు